లద్దాఖ్ ప్రయాణానికి జీపీఎస్ పరికరం కొనాలా?

ప్రశ్న: నాది హనుమకొండ. 350 సీసీ బండి ఉంది. వచ్చే జులైలో ఇద్దరు మిత్రులతో కలిసి నాగ్‌పుర్, ఢిల్లీ, మనాలి మీదుగా లేహ్ వెళ్లాలనుకుంటున్నాం. పోయిన మే నెలలో ఆదిలాబాద్ వెళ్లి వస్తుంటే హ్యాండిల్‌కు బిగించిన ఫోను వేడెక్కి ఆగిపోయింది. అందుకే జీపీఎస్ పరికరం కొందామని వరంగల్‌లో దుకాణాలు తిరిగితే అందరూ సిమ్ కార్డు వేసే చిన్న నల్ల డబ్బా చూపించారు. ఇంటర్నెట్‌లో చూస్తే మోటారుసైకిళ్ల కోసం గార్మిన్ కంపెనీ చేసిన జూమో అనే జీపీఎస్ పరికరం కనిపించింది, ధర చాలా ఎక్కువ. 40 వేల దాకా పెట్టగలను. ఫోను ఉండగా ఇంకొకటి ఎందుకని నాన్న అంటున్నారు. సెలవు రోజుల్లో ఏటూరునాగారం, కుంటాల వైపు తిరగడానికి కూడా పనికివచ్చేది కావాలి. ఏం కొనమంటారు?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ నల్ల డబ్బా సంగతి తేల్చేద్దాం. దాన్ని ట్రాకర్ అంటారు. మీ బండి ఎక్కడుందో ఇంట్లోవాళ్లకో, బండి యజమానికో సిమ్ కార్డు ద్వారా కబురు పంపడం దాని పని. దానికి తెర ఉండదు, అది దారి చూపదు. బస్సులకు, క్యాబ్‌లకు అలాంటివి తప్పనిసరి కావడంతో మన దుకాణాల్లో జీపీఎస్ అని అడిగితే ముందుగా దాన్నే తీసి చూపిస్తారు. దొంగతనం భయం ఉంటే కొనుక్కోవచ్చు, కానీ మీ అవసరం అది కాదు. మీరెక్కడున్నారో, ఎటు తిరగాలో మీకే చెప్పే పరికరం మీకు కావాలి. ఈసారి దుకాణంలో ‘నావిగేషన్ పరికరం’ అని అడగండి.

ఇక నా సలహా. ఈ ప్రయాణం కోసం జూమో కొనవద్దు. అలాగని మీరు రోజూ వాడే ఫోనును మళ్లీ హ్యాండిల్‌కు బిగించవద్దు. దారి చూపడానికి మాత్రమే పనికివచ్చే రెండో ఫోను ఒకటి 10 నుంచి 15 వేల లోపు కొనండి, లేదా ఇంట్లో వాడకుండా పక్కన పెట్టిన మంచి ఫోను ఉంటే దాన్నే తీసుకోండి. మిగిలిన డబ్బులో కొంత ఫోనును హ్యాండిల్‌కు బిగించే మంచి మౌంటుకు, కొంత ఛార్జింగ్ వైరింగుకు పెట్టండి.

ఎందుకంటే, మీరు రోజూ వాడే ఫోను ఇప్పుడు మీ పర్సు కూడా. పెట్రోలు బంకులో చెల్లింపు దాంతోనే, బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది, లైసెన్సు, ఆర్‌సీ డిజిలాకర్‌లో దాంట్లోనే ఉంటాయి, గది బుకింగూ దాంట్లోనే. పడిపోతే అంబులెన్సుకు ఫోను చేయాల్సింది కూడా దాంతోనే. అంతటి వస్తువును ఎండకు, వానకు, దుమ్ముకు, గుంతల కుదుపులకు ఎదురుగా పెట్టి వేల కిలోమీటర్లు నడపడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు. హ్యాండిల్ మీది ఫోను చెడితే దారి మాత్రమే పోవాలి. మిగతావన్నీ జేబులో క్షేమంగా ఉండాలి. మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది: ఫోను చాలు, కానీ ఆ ఫోను వేరేది కావాలి.

మీ ఫోను ఆదిలాబాద్ దారిలో ఎందుకు ఆగిపోయిందో చూడండి. ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ సంస్థే చెబుతుంది. మే నెలలో రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో 45 డిగ్రీలు చూస్తుంటాం. అది నీడలో కొలిచే లెక్క. ఎండలో నల్లటి తెర దానికన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. పైగా ఎండకు కనిపించాలని వెలుగు పూర్తిగా పెంచుతాం, ఛార్జింగ్ పెడతాం, అడవి దారిలో టవరు దొరకక ఫోను సిగ్నలు కోసం వెతుకుతూనే ఉంటుంది. ఇవన్నీ లోపలి నుంచి వేడి పుట్టించేవే. అప్పుడు ఫోను తనను తాను కాపాడుకోవడానికి మొదట తెర వెలుగు తగ్గిస్తుంది, తర్వాత ఛార్జింగ్ ఆపేస్తుంది, చివరికి పూర్తిగా ఆగిపోతుంది. తెర మసకబారిందంటే అదే మొదటి హెచ్చరిక. అక్కడే నీడ చూసుకుని ఆగాలి. చల్లబడాలని చన్నీళ్లు చల్లడం, చల్లటి సీసాకు ఆనించడం చేయవద్దు, లోపల తేమ చేరుతుంది.

రెండో ఫోనుతో ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. సిమ్ వేయకుండా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, టవరు కోసం వెతుకులాట ఉండదు. వెనక కవరు తీసేయండి. తీగ లేని ఛార్జింగ్ వాడవద్దు, అది ఇంకా వేడెక్కిస్తుంది. అన్నిటికన్నా మేలైన పద్ధతి, తెర ఆర్పేసి హెల్మెట్‌లోని బ్లూటూత్‌లో మాట వినడం. నాగ్‌పుర్ వైపు వెళ్లే నాలుగు వరుసల రహదారి మీద తెర చూడాల్సిన పనే లేదు. గూగుల్ మ్యాప్స్ 2018 నుంచి తెలుగులో కూడా దారి చెబుతోంది. ఊళ్ల పేర్లు మన పలుకులో వినిపిస్తే అయోమయం తగ్గుతుంది.

కుదుపుల గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. శక్తివంతమైన మోటారుసైకిల్ ఇంజన్ల కంపనం హ్యాండిల్ గుండా నేరుగా ఫోనుకు చేరితే కెమెరాలోని చిత్రాన్ని నిలకడగా ఉంచే భాగాలు దెబ్బతినవచ్చని ఆపిల్ 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. మిగతా కంపెనీల మంచి కెమెరా ఫోన్లలోనూ అలాంటి కదిలే భాగాలే ఉంటాయి. మీ 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి కంపనం మీకు చెప్పనక్కరలేదు. అందుకే రెండో ఫోను కొనేటప్పుడు కెమెరా గొప్పగా ఉన్నది వెతకవద్దు. కెమెరాలో ఆ కదిలే యంత్రాంగం లేని మామూలు ఫోనే ఇక్కడ ఎక్కువ కాలం మన్నుతుంది. మౌంటు మాత్రం లోహంతో చేసినది, కంపనం తగ్గించే రబ్బరు భాగం ఉన్నది తీసుకోండి. కొనే ముందు మీ హ్యాండిల్ మందం కొలుచుకోండి, 22 మిల్లీమీటర్లదా, 28 మిల్లీమీటర్లదా అన్నది తెలియకుండా తెస్తే బిగింపు సరిగా కుదరదు.

వాన దగ్గరికి వస్తే ఫోను బలహీనత అక్కడే బయటపడుతుంది. ఐపీ 67 అని రాసి ఉంటే మీటరు లోతు మంచినీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు దిగదని అర్థం. కానీ తెర పనిచేస్తుందని అర్థం కాదు. చినుకు పడిన చోటల్లా వేలు తగిలిందనుకుని మ్యాపు తనంతట తానే జరిగిపోతుంది, కొన్నిసార్లు దారి చూపడం కూడా రద్దవుతుంది. గ్లవ్స్ తడిస్తే మీ వేలిని గుర్తించదు. ఛార్జింగ్ రంధ్రంలో తేమ ఉందని చెప్పి ఛార్జింగ్ తీసుకోవడమూ మానేస్తుంది, ఆరేదాకా ఆగాల్సిందే. కాబట్టి వానాకాలంలో బయలుదేరుతున్నవాళ్లు పొద్దున్నే ఫోను పూర్తిగా ఛార్జ్ చేసుకుని, జడివాన మొదలవగానే తీగ పీకేసి, రంధ్రానికి రబ్బరు మూత పెట్టి, తెర లాక్ చేసి మాట మీదే వెళ్లాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టడం ఎండలో పనికిరాదు, గాలి ఆడక ఫోను ఉడికిపోతుంది. వాన పడుతున్నంతసేపే వాడి తీసేయండి.

వైరింగు పని ఎవరికి పడితే వారికి అప్పగించవద్దు. ఇది చిన్న పనే, కానీ తప్పుగా చేస్తే దారిలో బండే ఆగిపోతుంది. ఫోను 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకుంటే 10 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ వైపు నుంచి చూస్తే దాదాపు ఒక ఆంపియరు, బండికి అది భారం కాదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. బ్యాటరీ పాజిటివ్ దగ్గరే, జానెడు దూరంలోపు, విడిగా ఒక ఫ్యూజు ఉండాలి, ఇంత చిన్న వాడకానికి 5 ఆంపియర్ల ఫ్యూజు మించనవసరం లేదు. తాళంచెవి తిప్పి బండి ఆపితే ఛార్జరు కూడా ఆగిపోయేలా కలపాలి, లేకపోతే రాత్రంతా బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతుంది. తీగ హెడ్‌లైటు వెనక నుంచి ట్యాంకు కిందకు వెళ్లే చోట హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, ఎక్కడా బిగుసుకోకూడదు, ఇనుముకు రాసుకోకూడదు. హెడ్‌లైటు తీగను గోకి దానికి టేపు చుట్టి ఇచ్చే మెకానిక్కుకు మర్యాదగా వద్దని చెప్పి వచ్చేయండి. ట్యాంకు మీది బ్యాగులో ఒక పవర్ బ్యాంకు ఎలాగూ ఉండాలి.

ఇప్పుడు నెట్ సంగతి. నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదన్న అపోహ మన దగ్గర బలంగా ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సంకేతాలు పంపుతుంటాయి. ఫోను వాటిని వింటుంది, తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాలు అందితే చాలు, ఉన్న చోటు, ఎత్తు తెలిసిపోతాయి. సిమ్ లేకపోయినా మ్యాపులో మీరున్న చోటు చూపే నీలి చుక్క సరిగానే ఉంటుంది. నెట్ లేనప్పుడు మాయమయ్యేది దాని కింద ఉండే మ్యాపు. ఆ మ్యాపును ఇంట్లో వైఫై ఉండగానే దించుకోవాలి. ఇంకొక తేడా కూడా ఉంది. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోనుకు ముందే తెలుస్తుంది కాబట్టి క్షణాల్లో చోటు దొరుకుతుంది. లేకపోతే ఆ వివరాలు ఉపగ్రహం నుంచే నెమ్మదిగా వినాలి. అందుకే పొద్దున బయలుదేరే ముందు ఫోనును ఆరుబయట నాలుగైదు నిమిషాలు కదలకుండా ఉంచండి. ఈలోపు మీరు గొలుసు, టైర్ల గాలి చూసుకోవచ్చు.

కొనే ఫోనులో ఎల్-1, ఎల్-5 అనే రెండు పౌనఃపున్యాలూ అందుకునే సదుపాయం ఉంటే మంచిది. హిమాలయాల్లో ఇరుకు లోయల గుండా వెళ్లేటప్పుడు కొండలకు తగిలి తిరిగివచ్చే సంకేతాల వల్ల చుక్క పక్క రోడ్డు మీదికి దూకుతుంటుంది, రెండు పౌనఃపున్యాలతో అది తగ్గుతుంది. జీపీఎస్ లాంటిదే అయిన మన ఇస్రో వారి ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా అందుకుంటే సంతోషం, దానికోసమే ధర ఎక్కువ పెట్టవలసిన పని లేదు. టన్నెళ్లలో మాత్రం ఎంత ఖరీదైన పరికరానికైనా సంకేతం అందదు. మనాలి దాటాక వచ్చే అటల్ టన్నెల్ పొడవు 9 కిలోమీటర్లకు పైనే. బయటికి వచ్చాక చుక్క కుదురుకునే దాకా కంగారు పడవద్దు.

లద్దాఖ్‌లో ఇంకొక చిక్కు ఉంది. మన తెలంగాణలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తాయి. ముగ్గురిలో కనీసం ఇద్దరు వేర్వేరు కంపెనీల పోస్ట్‌పెయిడ్‌కు నెల ముందే మారండి.

మ్యాపుల్లో ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గూగుల్ మ్యాపుల్లో ప్రాంతాలను దించుకోవచ్చు గానీ వాటికి గడువు ఉంటుంది, నెట్ దొరికినప్పుడు తాజా చేసుకోవాలి. నెట్ లేనప్పుడు ట్రాఫిక్ వివరాలు రావు. దానికి తోడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మాండ్ గానీ యాప్ వేసుకోండి. రాష్ట్రాలకు రాష్ట్రాలు దించుకోవచ్చు, నెట్ లేకుండానే దారి లెక్కిస్తాయి. మన దేశపు మ్యాప్‌మైఇండియా సంస్థ వారి ‘మ్యాపుల్స్’ (Mappls) యాప్ కూడా చూడదగినదే.

మీరు పరికరం ఏది కొన్నా నేర్చుకోక తప్పని విషయం, రూటుకు, ట్రాకుకు ఉన్న తేడా. రూటు అంటే ముగ్గుకు చుక్కలు మాత్రమే పెట్టి ఇవ్వడం, కలిపే పని పరికరానిది. ట్రాకు అంటే వేసిన ముగ్గు మొత్తం. మీరు మిత్రుడికి రూటు పంపితే అతని పరికరం తన లెక్క ప్రకారం వేరే దారిలో తీసుకుపోవచ్చు. ట్రాకు పంపితే గీత గీతలాగే ఉంటుంది. ఉదాహరణకు మీరు నాగ్‌పుర్ చేరడానికి కరీంనగర్ నుంచే రెండు దారులున్నాయి. జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు వెళ్లి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి నిర్మల్, ఆదిలాబాద్ దాటడం ఒకటి. మంచిర్యాల, ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా చంద్రపూర్ చేరడం మరొకటి. మీరు ‘నాగ్‌పుర్’ అని మాత్రమే కొడితే ఆ పూట ఏది తొందర అనిపిస్తే దాన్నే చూపిస్తుంది, మధ్యలో మార్చేస్తుంది కూడా. ముగ్గురూ మూడు ఫోన్లతో మూడు దారులు పట్టే ప్రమాదం ఉంది. ఇంట్లో కంప్యూటర్ మీద తీరిగ్గా దారి గీసుకుని, మధ్యలో ఆసిఫాబాద్ లాంటి చుక్కలు పెట్టి, ఇలాంటి దారులను దాచే జీపీఎక్స్ అనే రకం ఫైలుగా దాచి, ముగ్గురి పరికరాల్లోనూ అదే ట్రాకు వేసుకోండి.

ఇంతా చేసినా పరికరానికి తెలియనివి ఉంటాయని మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పాలా? 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే సుమారు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ వానలకే మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. లోలెవెల్ వంతెన మీద వాగు పారుతున్నా మ్యాపులో అది మామూలు రోడ్డుగానే కనిపిస్తుంది. అదే ఏడాది అక్టోబరులో గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగాక దాని మీద రాకపోకలు ఆపేశారు. ఎప్పుడో దించుకున్న మ్యాపులో మాత్రం గోదావరి దాటే గీత అలాగే ఉంటుంది. మీరు సెలవు రోజుల్లో తిరిగే తాడ్వాయి, ఏటూరునాగారం, కుంటాల దారుల్లో వానాకాలం వాగు దగ్గర ఆగి అక్కడి మనిషిని అడగండి. నీటి కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. దయచేసి తెరను నమ్మి నీళ్లలోకి బండి దింపవద్దు.

మరి జూమో లాంటివి ఎవరికి? అవి మంచి పరికరాలు కావని నేను అనడం లేదు. జూమో ఎక్స్‌టీ తెర 5.5 అంగుళాలు, ఎండలో స్పష్టంగా కనిపిస్తుంది, గ్లవ్స్‌తో పనిచేస్తుంది, వానకు తట్టుకుంటుంది, 55 డిగ్రీల వేడి దాకా పనిచేసేలా తయారుచేశారు. బండికి బిగించిన దాని మౌంటులో పెడితే దాని నుంచే విద్యుత్తు అందుతుంది, తీగ రంధ్రం గొడవ ఉండదు. ఏడాదిలో చాలా నెలలు రోడ్ల మీదే ఉండేవారికి, బృందాలను వెంటబెట్టుకుని నడిపించేవారికి అది పెట్టిన డబ్బుకు తగినదే. మీకు ఏడాదికి ఒక పెద్ద ప్రయాణం, కొన్ని సెలవు రోజులు. అంత ధర పెట్టి కొంటే ఎక్కువ కాలం బీరువాలోనే ఉంటుంది. ఒకవేళ కొంటే డబ్బు కట్టే ముందు దుకాణంలోనే ఆన్ చేయించి భారతదేశపు మ్యాపు ఉందో లేదో, దాంట్లో తాడ్వాయి, జన్నారం, కేస్లాపూర్ లాంటి పేర్లు దొరుకుతున్నాయో లేదో కొట్టి చూడండి. విదేశం నుంచి తెప్పించిన సరుకైతే వారంటీ ఇక్కడ చెల్లుతుందా అని రాతపూర్వకంగా అడగండి.

కొత్త బండ్లలో మీటరు పక్కన బాణం గుర్తుతో దారి చూపే చిన్న డయల్ వస్తోంది. అది కూడా జేబులోని ఫోను మీదే ఆధారపడుతుంది, ఫోను ఆగితే అదీ ఆగుతుంది. మలుపు గుర్తుచేయడానికి బాగుంటుంది, దాన్ని నమ్మి మ్యాపు లేకుండా వెళ్లవద్దు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నాను. గార్మిన్‌లోనే ఇన్‌రీచ్ అనే రకం ఉంది, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపుతుంది. విదేశీ వీడియోల్లో అందరి దగ్గరా కనిపిస్తుంది. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటివి గానీ శాటిలైట్ ఫోన్లు గానీ వెంట ఉంచుకోవడం చట్టవిరుద్ధం. వాటితో విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల పాలైన విదేశీ పర్యాటకులు ఉన్నారు. మీరు వెళ్లేది సరిహద్దు ప్రాంతానికి. సంకేతాలు విని చోటు చెప్పే మామూలు జీపీఎస్‌తో ఏ ఇబ్బందీ లేదు, సందేశం పంపేది మాత్రం వద్దు. ఇక ఫోను చూస్తూ నడిపితే జరిమానా వేస్తారా అన్న అనుమానం మీ మిత్రులకు ఉండవచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఏకాగ్రత చెడకుండా దారి చూసుకోవడానికి మాత్రమే అలాంటి పరికరం వాడవచ్చు. ఊరి పేరు కొట్టడం, మ్యాపు జరపడం లాంటివి బండి పక్కకు ఆపాకే చేయండి.

మీ నాన్నగారికి ప్రతి రాత్రి బస ఎక్కడో రాసిన కాగితం ఒకటి ఇచ్చి వెళ్లండి. మనాలి దాటాక గంటలకొద్దీ సిగ్నలు ఉండదని, అది ప్రమాదానికి గుర్తు కాదని ముందే చెప్పండి. అదే కాగితం ఇంకొకటి ట్యాంకు బ్యాగులో పెట్టుకోండి, రెండు ఫోన్లూ మొండికేస్తే దారి అడగడానికి ఊళ్ల పేర్లు వరసగా చేతిలో ఉంటాయి.

మౌంటు, వైరింగు, రెండో ఫోను మే నెలలోపు సిద్ధం చేసుకోండి. ఎండ మాడుతున్న ఒక రోజున సిమ్ లేకుండా, మీరు గీసుకున్న ట్రాకు మీదే హనుమకొండ నుంచి ములుగు, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వెళ్లి రండి. జూన్‌లో వానలు మొదలయ్యాక అదే దారిలో ఇంకోసారి తడుస్తూ వెళ్లండి. ఎండలో రెండో ఫోను కూడా ఆగిపోతే తెర ఆర్పి మాట మీద ప్రయత్నించండి. అప్పటికీ ఆగిపోతే ఇంకాస్త డబ్బు కూడబెట్టి జూమో కొనడమే సరైన పని, అది తెప్పించుకుని అలవాటు చేసుకోవడానికి మీకు ఇంకా కొన్ని వారాలు మిగిలి ఉంటాయి.